రెండో నిమిషానికే కంప్రెషన్ లోతు పడిపోతోంది, బ్యాగు నొక్కితే ఛాతీ లేవట్లేదు

వార్డు నర్సు:
బీఎల్ఎస్ (గుండె ఆగిన మనిషికి చేసే ప్రాథమిక ప్రాణరక్షణ) ప్రాక్టికల్ కోసం, లోతు చూపించే మానికిన్ (శిక్షణ బొమ్మ) మీద ఇద్దరిద్దరం కంప్రెషన్లు, అంటే ఛాతీ నొక్కడం, చేస్తున్నాం. మొదటి నిమిషం 5 సెంటీమీటర్లు దాటుతోంది, ఆ తర్వాత 4 దగ్గరే ఆగిపోతోంది. వేగం మాత్రం నిమిషానికి 130 చూపిస్తోంది. ఇక బ్యాగ్-మాస్కు (ముఖానికి మాస్కు పెట్టి, బ్యాగు నొక్కి శ్వాస ఇచ్చే పరికరం) సంగతి: ఎంత గట్టిగా నొక్కినా ఛాతీ లేవదు, మాస్కు పక్కనుంచి బుస్సుమని గాలి పోతోంది. ఎక్కడ తప్పు?

బీఎల్ఎస్ ట్రైనర్:
సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉందండి. వేగం 100–120 మధ్యే ఉండాలి. 130కి పోతే ఛాతీ పూర్తిగా పైకి రాకముందే మళ్లీ నొక్కేస్తారు, గుండెలో రక్తం నిండదు, చేతులూ త్వరగా అలిసిపోతాయి. ఫోన్‌లో మెట్రోనోమ్ (లయగా టిక్కుమనే యాప్) 110కి పెట్టుకోండి. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు.

తర్వాత పక్కనుంచి ఒకరు మీ మోచేతులు చూడాలి. అవి వంగుతుంటే మీరు చేతుల బలంతో తోస్తున్నట్టే. అరచేతి మడమ రొమ్ము ఎముక కింది సగం మీద, భుజాలు సరిగ్గా దానికి పైన ఉండాలి. నడుము దగ్గర నుంచి ఊగుతూ ఒంటి బరువు దించాలి. మంచం ఎత్తుగా ఉంటే స్టూలెక్కండి. పేషెంటు కింద గట్టి బోర్డు ఉండాలి, లేకపోతే పరుపు దిగినంతా ఛాతీ దిగిందనుకుంటాం. రెండు నిమిషాలకు మనిషి మారడం తప్పనిసరి. "నాకింకా ఓపిక ఉంది" అనే మాట నమ్మకండి, అలసట తెలిసేలోపే లోతు తగ్గిపోతుంది.

అంబులెన్స్ టెక్నీషియన్:
బ్యాగు గురించి నేను చెప్తాను. మాస్కును ముఖం మీదికి అదుముతున్నట్టున్నారు. అలా చేస్తే తల ముందుకు వంగి శ్వాసదారి మూసుకుంటుంది. దవడనే మాస్కులోకి ఎత్తాలి: బొటనవేలు, చూపుడువేలు మాస్కు మీద, మిగతా మూడూ దవడ ఎముక అంచు కింద. గడ్డం కింది మెత్తని భాగం మీద వేళ్లు పడితే నాలుక వెనక్కి తోసుకుపోతుంది. మాస్కు సన్నని కొస ముక్కు వైపు ఉందో లేదో కూడా చూడండి (నవ్వకండి, హడావుడిలో తిరగబడుతుంది).

పెద్దవాళ్లకు 500–600 మిల్లీలీటర్లు చాలు. బ్యాగులో లీటరున్నర దాకా పడుతుంది కాబట్టి మూడో వంతు నొక్కి, ఒక సెకనులో ముగించండి. ఛాతీ కాస్త లేస్తే చాలు. గట్టిగా పిండితే గాలి పొట్టలోకి పోయి వాంతి వస్తుంది. ఒంటిచేత్తో మాస్కు గాలి పోకుండా అతుక్కోకపోతే ఒకరు రెండు చేతులతో మాస్కు పట్టాలి, కంప్రెషన్లు ఇచ్చేవారు శ్వాసల కోసం ఆగే విరామంలో బ్యాగు నొక్కాలి. మొదటి శ్వాసకు ఛాతీ లేవకపోతే తల సరిచేసి రెండోది ఇవ్వండి, అదీ కుదరకపోతే మూడోదాని కోసం కంప్రెషన్లు ఆపొద్దు.

వార్డు నర్సు:
థాంక్సండి. శ్వాసలకీ ఏఈడీకీ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) కంప్రెషన్లు ఆపే మా విరామం 15 సెకన్లు దాటుతోంది. ఇద్దరం ఉన్నాం కాబట్టి 15:2 (15 కంప్రెషన్లకు 2 శ్వాసలు) చేయాలని ఒకరంటున్నారు. నిజమేనా?

బీఎల్ఎస్ ట్రైనర్:
కాదు. పెద్దవాళ్లకు ఎంతమంది ఉన్నా 30:2యే. 15:2 పసిపిల్లలకూ చిన్నపిల్లలకూ, అదీ ఇద్దరు ఉన్నప్పుడు. గొంతులోకి శ్వాస ట్యూబ్ వేశాక కంప్రెషన్లు ఆపకుండా, పెద్దవాళ్లకు 6 సెకన్లకో శ్వాస.

విరామం 10 సెకన్లలోపే ఉండాలి. చివరి ఐదూ పైకి లెక్కపెట్టండి: ఇరవై ఆరు, ఇరవై ఏడు... మాస్కు మనిషి ముప్పైకల్లా సిద్ధంగా ఉంటారు. ఏఈడీ ప్యాడ్లు కంప్రెషన్లు నడుస్తుండగానే అంటించాలి: ఒకటి కుడి కాలర్‌బోన్ కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద. చెమట ఉంటే తుడవాలి, మందు ప్యాచ్ ఉంటే పీకేయాలి. మెషీన్ అనలైజ్ చేసేటప్పుడు, షాక్ ఇచ్చేటప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు. చాలామంది సమయం పోగొట్టేది షాక్ తర్వాత: నాడి చూస్తూ నిలబడిపోతారు. చూడొద్దు, వెంటనే నొక్కడం మొదలుపెట్టండి.

అంబులెన్స్ టెక్నీషియన్:
ఒకటి మరిచాం. స్పృహ లేని మనిషి అప్పుడప్పుడు చేపలా నోరు తెరిచి ఎగశ్వాస తీస్తే అది శ్వాస కింద లెక్క కాదు. మెడ పక్క నాడి 10 సెకన్లలో కచ్చితంగా తగలకపోతే కంప్రెషన్లు మొదలుపెట్టేయాలి.