అప్‌డేట్: ‘ఎ స్కానర్ డార్క్‌లీ’ అయిపోయింది (చదవనివాళ్లు ఇక్కడే ఆగండి, ముగింపు చెప్పేస్తున్నా)

పోయిన వారం అడిగాను కదా: ఫిలిప్ కె. డిక్ రాసిన ఈ 1977 నవలలో డ్రగ్స్ వాడేవాళ్లలో కలిసిపోయిన అండర్‌కవర్ పోలీసు ఫ్రెడ్‌ని బాబ్ ఆర్క్‌టర్ మీద నిఘా పెట్టమంటారు. ఆ ఆర్క్‌టర్ తనే. మరి "అది నేనే సార్" అని ఎందుకు అనడు?

"అనకూడదు, రూలే అది" అన్నవాళ్లదే కరెక్ట్. డిపార్ట్‌మెంట్‌లోనూ డ్రగ్స్ ముఠాల మనుషులుంటారని భయం. అందుకే స్క్రాంబుల్ సూట్: 15 లక్షల ముఖాల ముక్కలు క్షణక్షణం మారుతుంటాయి, లోపల ఎవరున్నారో తెలియదు. పైఆఫీసరు హ్యాంక్‌దీ అదే వేషం. (చివరికి హ్యాంక్ కనిపెట్టేస్తాడు. అతని గురి మొదట్నుంచీ ఆర్క్‌టర్ ఇంట్లోనే ఉండే బారిస్ మీదేనట!)

ఆర్క్‌టర్ ప్రేమించే డోనాని అనుమానించమన్న ఆయనకో దండం. నేనే ఆవిణ్ణి వెనకేసుకొచ్చి వాదించాను. తీరా చూస్తే ఆవిడా ఏజెంటే. డ్రగ్స్ మాన్పించే సంస్థ న్యూ-పాతే ఆ డ్రగ్ వెనక ఉందని అనుమానం, దాని లోపలికి ఒక మనిషిని పంపాలి. డ్రగ్స్‌తో నిజంగా బుర్ర పాడైనవాణ్ణయితే వాళ్లు అనుమానించరు. అందుకని ఆర్క్‌టర్‌ని అలా అయిపోనిచ్చారు, అతనికి ఒక్క ముక్క చెప్పకుండా. ఆవిడ బాధపడుతుంది, నిజమే. నాకైతే కోపం తగ్గలేదు.

చివర్లో అతను న్యూ-పాత్ పొలంలో, ఆ డ్రగ్ తీసే నీలం పూల మొక్క ఒకటి తెంపి కుడి బూటులో దాచుకుంటాడు, థ్యాంక్స్‌గివింగ్‌కి స్నేహితులకిద్దామని. అక్కడ పుస్తకం మూసి కాసేపు డాబా మీద తిరిగాను.

2006 సినిమా ఈ ఆదివారం చూస్తా.