ఇంట్లో బాగానే ఉంది, కళింగపట్నం బీచ్‌లో మాత్రం గొంతు ఊగుతోందట. సొంత రిగ్ (హామ్ రేడియో సెట్) సమస్య, ఎవరైనా చెప్పండి

వంశధార_ఒడ్డు:
అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం. రెండేళ్ల కిందట హామ్ రేడియో లైసెన్స్ వచ్చింది, కొత్త రిగ్ కొనే స్తోమత లేక బిట్‌ఎక్స్ (ఇంట్లో కట్టుకునే రేడియో) సర్క్యూట్‌ని 40 మీటర్ల బ్యాండ్‌కి మార్చి సొంతంగా కట్టుకున్నాను. ఔట్‌పుట్‌లో ఐఆర్ఎఫ్510 ట్రాన్సిస్టర్, ఐఎఫ్ (లోపలి మధ్య ఫ్రీక్వెన్సీ) 10 మెగాహెర్ట్జ్, వీఎఫ్ఓ (ఫ్రీక్వెన్సీ తిప్పుకునే భాగం) పాత పద్ధతిలో కాయిల్, కెపాసిటర్లతోనే, దానికి 9 వోల్టులిచ్చే 7809 రెగ్యులేటర్. ఇంట్లో 13.8 వోల్టుల సప్లై మీద ఆరు నెలలుగా మాట్లాడుతున్నాను, ఎవరూ వంక పెట్టలేదు.

మొన్న ఆదివారం మొదటిసారి బయటికి, కళింగపట్నం తీసుకెళ్లాను. సరుగుడు చెట్టు మీదకి రాయి కట్టిన తాడు విసిరి 20 మీటర్ల వైరు ఏటవాలుగా లాగాను, కింద వైరుని రిగ్‌కి జత కుదిర్చే 49:1 ట్రాన్స్‌ఫార్మర్. వినడం అయితే అద్భుతం అండీ, ఇంటి దగ్గర ఎల్ఈడీ బల్బుల గోలలో ఎప్పుడూ వినపడని స్టేషన్లు అక్కడ పక్కన కూర్చుని మాట్లాడినట్టు వచ్చాయి. కానీ నేను సీక్యూ (ఎవరైనా జవాబివ్వండనే పిలుపు) పిలిస్తే విశాఖ ఆయన "బాబూ, నీ గొంతు ఊగుతోంది, ప్రతి అక్షరానికీ ఫ్రీక్వెన్సీ జారిపోతోంది" అన్నారు. బ్యాటరీ పాత ల్యాప్‌టాప్ సెల్స్ మూడు వరసగా కలిపింది, 11.6 వోల్టులు చూపించింది. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత కుదిరిందో చూపే కొలత) 1.5. సముద్రపు గాలికి వీఎఫ్ఓ చల్లబడి జారుతోందా? యాంటెన్నా మార్చాలా? వచ్చే ఆదివారం మళ్లీ వెళ్దామనుకుంటున్నాను, టెన్షన్‌గా ఉంది.

తాటిచెట్టు_మాస్ట్:
గాలికీ ఎండకీ వీఎఫ్ఓ జారడం నిజమే తమ్ముడూ, కానీ అది నిమిషాల మీద మెల్లగా జరుగుతుంది. అక్షరం అక్షరానికీ ఊగదు. నాకైతే ఆర్ఎఫ్ (నువ్వు పంపే రేడియో పవర్) వెనక్కొచ్చి మైక్‌లో దూరుతున్నట్టుంది. ఇలా ఒక చివర పవర్ ఇచ్చే ఎండ్ ఫెడ్ వైరుకి కౌంటర్‌పాయిజ్ (తోడు వైరు) లేకపోతే కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) పైతొడుగే ఆ పని చేస్తుంది, ఇసకలో రిగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే నువ్వు కూడా యాంటెన్నాలో భాగమే. కోయాక్స్‌ని ఫెరైట్ రింగు మీద పది చుట్లు తిప్పి చూడు. ఆ కాయిల్ వీఎఫ్ఓ తీసేసి ఎస్ఐ5351 (ఫ్రీక్వెన్సీ పుట్టించే చిప్) పెట్టేస్తే ఒక గొడవ వదులుతుంది కూడా.

పాత_సోల్డర్:
ఆగండి, ఆగండి. వీఎఫ్ఓ తీసేయడం తర్వాత చూద్దాం, పాపం కుర్రాడు ఆ కాయిల్ ఎంత కష్టపడి చుట్టుకున్నాడో. బిట్‌ఎక్స్ మొదట వచ్చినప్పుడు దాన్ని రూపొందించిన అషర్ ఫర్హాన్ గారు నల్లా వాషర్ల మీద కాయిల్స్ చుట్టి చూపించారు, ఇంట్లో దొరికే వాటితోనే కట్టుకోవచ్చని. నేను అప్పుడు విజయనగరంలో శానిటరీ షాపులో ఓ గుప్పెడు వాషర్లు అడిగితే ఇంట్లో ఎన్ని కుళాయిలున్నాయండీ అని అడిగాడు షాపతను.

అసలు సంగతి. బాబూ, 11.6 ఎప్పుడు చూశావు? రిగ్ ఊరికే వింటున్నప్పుడా, మాట్లాడుతున్నప్పుడా? 7809కి లోపలికి కనీసం 11 వోల్టులు వెళ్తేనే బయటికి నిక్కచ్చిగా 9 ఇస్తుంది. అంతకన్నా తగ్గితే అది రెగ్యులేటర్‌గా పని మానేసి వచ్చిందాన్ని కాస్త తగ్గించి అలాగే పంపిస్తుంది. ఎస్ఎస్‌బీలో (మనం గొంతు పంపే పద్ధతి) నువ్వు గట్టిగా పలికినప్పుడల్లా ఫైనల్ (ఔట్‌పుట్‌లోని ఆ ఐఆర్ఎఫ్510) కరెంటు లాగుతుంది, బ్యాటరీ కుంగుతుంది, వీఎఫ్ఓ వోల్టేజీ దానితోపాటు కుంగుతుంది, ఫ్రీక్వెన్సీ కదులుతుంది. విశాఖ ఆయన చెప్పింది అచ్చం ఇదే. ఇంట్లో 13.8 ఉంది కాబట్టి రోగం దాక్కుంది.

రెండు ప్రశ్నలకి జవాబు చెప్పు. బ్యాటరీ నుంచి రిగ్‌కి వైరు ఏది, ఎంత పొడవు? మధ్యలో డయోడ్ ఏమైనా ఉందా?

వంశధార_ఒడ్డు:
గురువుగారూ, వైరు స్పీకర్లకి వాడే సన్నది, 3 మీటర్లు. డయోడ్ ఉంది, 1ఎన్5408, ఒకసారి ప్లస్ మైనస్ తిరగేసి పొగ చూశాక భయంతో వరసలో పెట్టాను.

పాత_సోల్డర్:
దొరికింది. ఆ సన్నవైరు 0.2 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే మీటరుకి దాదాపు 0.09 ఓం, పోనూ రానూ 6 మీటర్లకి అర ఓం. 2 ఆంపియర్లు లాగితే అక్కడే 1 వోల్టు పోయింది. డయోడ్ ఇంకో 0.8 తింటుంది. నీ 11.6లో రిగ్‌కి చేరేది 10కి కాస్త దిగువ, పాత సెల్స్ కుంగేది ఇందులో కలపలేదు.

ఇల్లు వైరింగ్ చేసే 1.5 వైరు అర మీటరు చాలు. డయోడ్‌ని వరసలోంచి తీసి, 3 ఆంపియర్ల ఫ్యూజు తర్వాత ప్లస్‌కీ మైనస్‌కీ అడ్డంగా, తలకిందులుగా పెట్టు. తీగలు తిరగేస్తే ఫ్యూజు కాలుతుంది, రిగ్ బతుకుతుంది. మార్చే ముందు కొలిచి చూడు, ఊరికే నా మాట నమ్మకు. యాంటెన్నా తీసి దాని బదులు పవర్ మింగే డమ్మీ లోడ్ పెట్టు (1 కిలో ఓం, 2 వాట్ల కార్బన్ రెసిస్టర్లు 20 పక్కపక్కన కలిపితే 50 ఓంలు, వైర్‌వౌండ్‌వి వద్దు), మీటరు 7809 ఇన్‌పుట్ దగ్గర పెట్టి మైక్‌లో ఈల వెయ్యి. మాటకి మీటరు అందుకోలేదు, ఈలకి నిలబడి చూపిస్తుంది. డమ్మీ లోడ్ మీద కూడా గొంతు ఊగితే యాంటెన్నా తప్పు లేనట్టే.

తాటిచెట్టు_మాస్ట్:
సరే, ఒప్పుకున్నాను. అయినా రింగు పెట్టుకో తమ్ముడూ, నష్టం లేదు. ఆ ల్యాప్‌టాప్ సెల్స్ బదులు డబ్బులున్నప్పుడు లైఫ్‌పీఓ4 (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) నాలుగు సెల్స్ తీసుకో, చాలాసేపు 13 వోల్టుల దగ్గరే నిలబడతాయి. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానం వైపు కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి, అప్పుడు నా దగ్గర రిగ్ ఉంది, ఛార్జి ఉన్న బ్యాటరీ లేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

వంశధార_ఒడ్డు:
కొలిచాను. ఈల వేస్తే 9.4! డమ్మీ లోడ్ మీద పెట్టి పక్కన రేడియోలో వింటే నా గొంతు నాకే తాగినోడి గొంతులా వినిపించింది. వైరు, డయోడ్ మార్చాక అదే బ్యాటరీ ఫుల్ ఛార్జి మీద 11.7.

నిన్న మళ్లీ కళింగపట్నం వెళ్లాను. విశాఖ ఆయనే దొరికారు, 5-7 (మాట స్పష్టత 5, సిగ్నల్ బలం 7) ఇచ్చి ఇప్పుడు మనిషి గొంతులా ఉంది అన్నారు. కాకపోతే మాట్లాడేటప్పుడు మైక్ ఇనుప జాలీ పెదవికి తగిలితే చురుక్కుమంది, తాటిచెట్టు అన్న చెప్పిన ఆర్ఎఫ్ కూడా కొంత ఉన్నట్టే. రింగు మీద కోయాక్స్ పది చుట్లు తిప్పాను, పోయింది. ఇద్దరూ కరెక్టే. గంటన్నరకి బ్యాటరీ 11 దిగువకి వచ్చింది, మళ్లీ ఊగుడు మొదలవకముందే కట్టేశాను.

ఇంకో అనుమానం. ఇంటికొచ్చి డబ్బా తెరిస్తే వేరియబుల్ కెపాసిటర్ రేకుల మధ్య సన్నటి ఇసక, తిప్పితే కరకరమంటోంది. దేంతో కడగాలి?

పాత_సోల్డర్:
ముందు మెత్తటి బ్రష్షుతో దులుపు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కిరసనాయిలు మాత్రం వద్దు, జిడ్డు మిగిలి మళ్లీ ఇసక పడుతుంది. ఈసారి డబ్బాకి మూత పెట్టుకుని వెళ్లు బాబూ.