'మామయ్య' దగ్గరే ఆగిపోతున్నాడు. టచ్ టీవీ కొంటే చదవడం వస్తుందా?

కందుకూరు అమ్మ:
నమస్కారమండీ. మాది కందుకూరు దగ్గర పల్లె. ఇంట్లో బట్టలు కుడతాను. మా అబ్బాయి మూడో తరగతి. వేమన పద్యాలు ఇరవై దాకా తప్పు లేకుండా అప్పజెబుతాడు. అదే పద్యం పుస్తకంలో చూపిస్తే నోరు పెగలదు. 'మామయ్య' అని రాసి ఇస్తే ఒకసారి 'యామయ' అంటాడు, ఇంకోసారి 'మాయమ' అంటాడు. 'ప', 'వ' కలిసిపోతాయి. వత్తు కనబడితే వదిలేస్తాడు. తిట్టాను, ఒకసారి కొట్టాను కూడా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బడిలో టీవీలో పాఠం వేస్తే మాత్రం అందరికంటే ముందు జవాబు చెబుతాడట. అందుకే వేలితో తాకితే పనిచేసే పెద్ద టీవీ వాయిదాల మీద కొందామనుకుంటున్నాను. ఉపయోగం ఉంటుందా?

ఒంగోలు టీచర్:
అమ్మా, వాయిదాల జోలికి వెళ్లకండి. మీ వాడు జవాబు చెబుతున్నది చెవితో. టీవీయే చదివి వినిపిస్తుంటే పిల్లవాడికి చదివే అవసరం ఏముంది? నేనూ ఏడాదిపాటు ఆ పొరపాటు చేశాను. ఒకరోజు ధ్వని ఆపేసి పాఠం వేస్తే నలుగురు పిల్లలు ఒక్క మాట చదవలేదు. అప్పటివరకు వాళ్లు చదువుతున్నారనే అనుకున్నాను.

ఇప్పుడు మాట తెర మీద పడగానే వీడియో ఆపుతాను. వాళ్లు చదివాకే ధ్వని. తెలుగులో చూపు ఎడమ నుంచి కుడికి పోతే సరిపోదు. గుడి అక్షరం నెత్తిన ఉంటుంది, వత్తు కాళ్ల దగ్గర ఉంటుంది. ఆ మాటను ఫోటో తీసి, ఫోనులో పెద్దది చేసి, వత్తును వేలితో దిద్దించండి. తాకే తెర మీ చేతిలోనే ఉంది.

1971లో అమెరికాలో 'ది ఎలక్ట్రిక్ కంపెనీ' అనే టీవీ కార్యక్రమం మొదలైంది. చదవడానికి తడబడే ఏడు నుంచి పదేళ్ల పిల్లల కోసం తీశారు. అందులో రెండు నీడ ముఖాలు ఎదురెదురుగా నిలబడి, ఒకరు సగం మాట, ఇంకొకరు మిగతా సగం పలికేవారు. అక్షరాలు మధ్యలో వచ్చి కలిసేవి. టీవీకి అటు మీరు, ఇటు బాబు కూర్చోండి. మీరు 'మామ' అనండి, వాడిని 'య్య' అననివ్వండి.

కావలి నాన్న:
మా అమ్మాయికి పాటలు పనికొచ్చాయి. పాట వస్తుంటే అదే భాషలో అక్షరాలు కింద రంగు మారుతూ పోతాయి. అహ్మదాబాద్‌లోని ఐఐఎం అనే మేనేజ్‌మెంట్ కాలేజీలో బ్రిజ్ కొఠారి గారు 1996లో మొదలుపెట్టిన ఆలోచన ఇది. తెలిసిన పాట కాబట్టి తరువాతి మాట ఏమిటో ముందే తెలుసు, కన్ను దాన్ని వెతుక్కుంటుంది. పద్యాలు నోటికి వచ్చిన మీ వాడికి ఇది నప్పుతుంది.

ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. అవి బాగుండి కూడా తడబడితే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఏమో చూపించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దానికీ చోటుంది. దయచేసి కొట్టకండమ్మా. మా పాప బద్ధకం అనుకుని నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను.

కందుకూరు అమ్మ:
ఇద్దరికీ దండాలు. టీవీ ఆలోచన మానుకున్నాను. పది రోజులుగా రాత్రి అన్నం తిన్నాక ఇరవై నిమిషాలు కూర్చుంటున్నాం. 'మామయ్య' ఇప్పుడు తప్పు పోవడం లేదు. 'ప', 'వ' ఇంకా తేలలేదు. ఫోను ఇస్తే వత్తును దిద్దుతూ 'ఇది కింద దాక్కుంది' అంటాడు. ఒక సందేహం టీచర్ గారూ: పద్యం వేస్తే తెర వైపు చూడకుండా నోటికి చెప్పేస్తున్నాడు. మధ్యలో ఒక మాట మార్చి రాసి చూపించవచ్చా?

ఒంగోలు టీచర్:
తప్పకుండా మార్చండి. 'ఉప్పు' ఉన్నచోట 'పప్పు' అని రాయండి. దొరికిపోయినందుకు నవ్వుతాడు, ఆ తరువాత ప్రతి మాటా చూస్తాడు.