‘నిర్మల స్ఫటికాకృతిం’: ఇక్కడ ఆకృతి అంటే పరమాణువుల అమరికా?

ప్రశ్న: హయగ్రీవ శ్లోకంలోని ‘నిర్మల స్ఫటికాకృతిం’ అనే సమాసానికి ‘లోపంలేని పరమాణు విన్యాసం గలవాడు’ అని ఒక పెద్దాయన అర్థం చెప్పగా విన్నాను. ఇక్కడ చెన్నైలో మా పిల్లలు తమిళ పాఠ్యపుస్తకంలో ‘పడిగం’ అనే మాటను క్రిస్టల్ అన్న అర్థంలోనే చదువుతారు కనుక వారికి ఆ వ్యాఖ్యానం బాగా నచ్చింది. ఇది సమ్మతమేనా? మన పటికకూ దీనికీ చుట్టరికం ఉందా? పెద్దలు చెప్పగలరు.

సమాధానం: సమ్మతం కాదండీ. నిర్మలమైన స్ఫటికం యొక్క ఆకృతి వంటి ఆకృతి గలవాడు అని బహువ్రీహిగా విడదీసినప్పుడు, ఆకృతి అంటే కంటికి కనిపించే రూపమూ కాంతీ తప్ప లోపలి కట్టడం కాదు. పైగా ఆ శ్లోకం నాటి స్ఫటికం ఒకానొక ఖనిజం పేరు, అంటే నేడు మనం క్వార్ట్జ్ అంటున్న రాయిలో రంగులేని, పారదర్శకమైన రకం. పరమాణువులు క్రమం తప్పకుండా పేర్చుకున్న ఏ ఘనపదార్థాన్నైనా స్ఫటికమనడం ఆధునిక శాస్త్రం చేసిన అర్థవిస్తరణ. ఆ విస్తృతార్థాన్ని శ్లోకానికి అంటగడితే ఉప్పు, అభ్రకం, ఇనుము కూడా ఉపమానాలకు అర్హమవుతాయి. జర్మన్ భౌతికశాస్త్రవేత్త మాక్స్ ఫాన్ లావే సూచన మేరకు 1912లో మ్యూనిక్‌లో ఎక్స్-కిరణాలను ప్రసరింపజేసి స్ఫటికాలలోని క్రమాన్ని మొదట పట్టుకున్నది నీలిరంగు మైలుతుత్తంతో (కాపర్ సల్ఫేట్) కాబట్టి, ఆ లెక్కన తెల్లని హయగ్రీవుణ్ణి నీలివర్ణుడిగా కూడా ధ్యానించవలసి వస్తుంది!

అయితే ‘నిర్మల’ అనే విశేషణం మాత్రం ఖనిజశాస్త్రం దృష్టితో చూసినా ఎంతో పొందికగా ఉంది. క్వార్ట్జ్‌లో ప్రతి సిలికాన్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్‌లు, ప్రతి ఆక్సిజన్‌కు ఇరుపక్కలా రెండు సిలికాన్‌లు ఉండి, ఎలక్ట్రాన్లను పంచుకునే బలమైన సమయోజనీయ బంధాలతో రాయి అంతా ఒకే అల్లికగా సాగుతుంది. ఆ అల్లికలో కొన్ని సిలికాన్‌ల స్థానంలో ఇనుము చేరి, భూమిలోని సహజ వికిరణం సోకితే అదే రాయి ఊదారంగు అమెథిస్ట్ అవుతుంది. ఇనుముకు బదులు అల్యూమినియం చేరితే పొగచూరినట్లు మారుతుంది. అంటే ఈ జాతి రాయి అంతా నిర్మలంగా ఉండదు కాబట్టే కవి ఆ విశేషణం వేయవలసి వచ్చింది. అది పాదపూరణకు తెచ్చిన మాట కాదు.

ఇక పటిక. స్నేహం నెయ్యమైనట్లే స్ఫటికంలోని మొదటి సకారం జారిపోయి, ఒత్తు తొలగి పటిక అయింది. పటికను స్ఫటికారి అనే వాడుక సంస్కృతంలోనే ఉంది, తమిళంలో అది పడిగారం. కనుక పేరు రాయి నుంచి లవణానికి మారడం మన ఒక్క భాషలో జరిగిన పని కాదు. మనవారు ఇంకో అడుగు వేసి చక్కెర పలుకులకు పటికబెల్లం అని పేరు పెట్టారు. (రాయలసీమవారి కలకండకూ తమిళుల కర్కండుకూ దారి వేరు.) స్ఫటికం, పటిక, పటికబెల్లం మూడూ చూపుకు దగ్గరివే గాని, లోపలి బంధాలు మూడు విధాలు. పటికబెల్లంలో చక్కెర అణువులను పక్కపక్కన పట్టి ఉంచేవి ప్రధానంగా బలహీనమైన హైడ్రోజన్ బంధాలు, అందుకే నోట్లో కరుగుతుంది. పటికలో పొటాషియం, అల్యూమినియం, సల్ఫేట్ అయాన్‌లతో పాటు ప్రతి ఫార్ములాకు 12 నీటి అణువులు కూడా స్ఫటిక జాలకంలో భాగమై ఉంటాయి. పెనం మీద వేడి చేస్తే అది సుమారు 92 డిగ్రీల సెల్సియస్ వద్ద తన నీటిలో తానే కరిగి, బుసబుస పొంగి, చివరికి తెల్లని గుల్లగా మిగలడానికి ఆ నీరే కారణం. స్ఫటికం కరగాలంటే సుమారు 1,700 డిగ్రీలు కావాలి. పేరు పెట్టినవారు చూసింది తళుకును, కోణాలను. బంధాల సంగతి వారికి అక్కరలేదు, తెలిసే దారీ లేదు.

మరో సభ్యురాలు: మరి మైలాపూరు మాడవీధుల్లో స్ఫటికమాలలుగా అమ్మేవన్నీ ఆ శ్లోకంలోని స్ఫటికమేనాండీ? గాజు కూడా ఇసుకతోనే చేస్తారు కదా, దాన్ని స్ఫటికమంటే తప్పేమిటి?

సమాధానం: గాజులోనూ సిలికాన్–ఆక్సిజన్ బంధాలే ఉన్నాయమ్మా, కానీ వాటి అమరికకు దూరం వెళ్ళేకొద్దీ క్రమం నిలవదు. కాబట్టి పాత అర్థంలోనూ కొత్త అర్థంలోనూ గాజు స్ఫటికం కాదు. క్రిస్టల్ గ్లాస్ అని అమ్మే పాత్రలకూ ఇదే వర్తిస్తుంది. మాల కొనేటప్పుడు పూసను చెంపకు ఆనించి చూడండి, స్ఫటికం వేడిని త్వరగా లాక్కుంటుంది కనుక గాజుకంటే చల్లగా తగులుతుంది. భూతద్దంలో గుండ్రని గాలిబుడగలు కనిపిస్తే అది గాజని అనుమానించవచ్చు. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో స్ఫటికం కాఠిన్యం 7, మామూలు గాజుది సుమారు 5.5, అందుచేత అసలు పూస పాత గాజుముక్క మీద గీత పెడుతుంది. కాకపోతే ఈ చివరి పరీక్షకు దుకాణదారు ఒప్పుకోవాలి.