'బర్న్ ఫర్ మీ' అయిపోయింది, హీరో రోగన్ మీద కోపం మాత్రం పోవట్లేదు. సిరీస్ కొనసాగించమంటారా?

వెన్నెల_చదువరి:
ఇలోనా ఆండ్రూస్ 'హిడెన్ లెగసీ' సిరీస్‌లో మొదటిది నిన్న రాత్రి పూర్తి చేశాను. పారానార్మల్ రొమాన్స్ అంటే నాకిప్పటిదాకా రక్తపిశాచులు, తోడేళ్ళే. ఇందులో అవేవీ లేవు. 1863లో యూరప్ శాస్త్రవేత్తలు ఒసైరిస్ సీరమ్ అనే మందు కనిపెడతారు, అది తీసుకున్నవాళ్ళలో మాయాశక్తులు పుట్టుకొస్తాయి, తర్వాత మందుని తాళం వేసి దాచేసినా శక్తి మాత్రం రక్తంలో పిల్లలకి, మనవలకి వచ్చేస్తుంది, అలా బలపడిన కుటుంబాలు ఇవాళ్టి హ్యూస్టన్‌ని శాసిస్తుంటాయి. ఆ ఊహ నాకు విపరీతంగా నచ్చింది. నెవాడా ఇంకా నచ్చింది. తండ్రి జబ్బుకి ఉన్నదంతా పెట్టేసి అప్పులపాలైన కుటుంబం, చిన్న డిటెక్టివ్ ఏజెన్సీ, దాన్ని నడిపే పెద్దకూతురు, ఎదుటివాళ్ళు అబద్ధం చెబితే ఇట్టే తెలిసిపోయే శక్తి.

నా ఇబ్బందంతా రోగన్‌తోనే. అందగాడు, కోటీశ్వరుడు, చెయ్యి తగలకుండా భవనాలు కూల్చగలడు, అంతా బాగుంది. కానీ ఆ అమ్మాయిని ఎత్తుకుపోయి, నేలమాళిగలో కట్టిపడేసి, మంత్రవలయంలో కూర్చోబెట్టి మనసులో ఉన్నది బలవంతంగా లాగుతాడు కదా, ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య ప్రేమ సీన్ వచ్చినప్పుడల్లా నాకు ఆ నేలమాళిగే గుర్తొచ్చింది. మిగతా పుస్తకాల్లోనూ ఇంతేనా? కథ చెప్పేసినా పర్లేదు, తెలుసుకునే చదువుతాను.

గోదారిగట్టు:
చదవండి. మీకొచ్చిన కోపం నెవాడాకీ వచ్చింది, మర్చిపోలేదు కూడా. మొదటి పుస్తకం చివర్లో అతను అన్నీ ఇస్తా రమ్మంటే ఆ అమ్మాయి వద్దంటుంది. ఈ జానర్‌లో చాలామంది అక్కడ ఒక ముద్దుతో సరిపెట్టేస్తారు, వీళ్ళు అలా చెయ్యలేదు, నాకు ఈ రచయితల మీద నమ్మకం కుదిరింది అక్కడే. (రచయితలు అనే అంటున్నాను, అది భార్యాభర్తలిద్దరూ కలిసి వాడే కలం పేరు.)

రోగన్ చేసింది తప్పు కాదని నేనూ అనను. కానీ అతనెలా అలా తయారయ్యాడో రెండో పుస్తకం 'వైట్ హాట్'లో మెల్లగా తెలుస్తుంది. కుర్రతనంలోనే సైన్యంలో చేరితే అతన్ని మనిషిగా కాదు, ఆయుధంగా వాడుకున్నారు. ఇప్పుడు తన చుట్టూ పెట్టుకున్నదీ మాజీ సైనికుల్నే, వాళ్ళ కోసం ఏమైనా చేస్తాడు. మొదటి పుస్తకంలో కాసేపు కనిపించిన కార్నీలియస్ ఇందులో మళ్ళీ వస్తాడు, జంతువులతో మాట్లాడే శక్తి ఉన్నవాడు, ఆయన భార్యని ఎవరో చంపేస్తే న్యాయం కోసం నెవాడా దగ్గరికొస్తాడు. పెళ్ళాం పోయిన మనిషి దుఃఖం ఇంత నిజంగా రాసిన రొమాన్స్ నవల నాకు ఇంకొకటి తగల్లేదు. ఆయన కోసమైనా చదవాలి.

కాటీ_తెలుగమ్మాయి:
నేనుండేది హ్యూస్టన్ పక్కనే కాబట్టి ఈ సిరీస్ అంటే నాకు కొంచెం ఎక్కువ ప్రేమే, ముందే చెప్పేస్తున్నా. అయినా ఇందులో అసలు ప్రేమకథ నెవాడా వాళ్ళ బేలర్ కుటుంబానిదండీ. పాత గోడౌన్‌ని ఇల్లుగా మార్చుకుని అందరూ ఒకేచోట ఉంటారు. ఫ్రీడా అమ్మమ్మ ట్యాంకులు, సాయుధ వాహనాలు బాగుచేస్తుంది, అమ్మ ఒకప్పటి స్నైపర్, ఇద్దరు చెల్లెళ్ళు, ఇద్దరు కజిన్స్. ఎవరికి ఏ కష్టమొచ్చినా అందరూ వంటగదిలో చేరి గట్టిగా అరుచుకుని, తర్వాత కలిసి కదులుతారు.

ఇంకో విషయం, వెన్నెల గారూ, మన తెలుగువాళ్ళకి బాగా తగిలేది. ఆ లోకంలో శక్తికి అంతస్తులున్నాయి: మైనర్, యావరేజ్, నోటబుల్, సిగ్నిఫికెంట్, అన్నిటికీ పైన ప్రైమ్. మూడు తరాల్లో కనీసం ఇద్దరు ప్రైమ్‌లు పుడితేనే ఆ కుటుంబాన్ని 'హౌస్' అంటారు. ఆ హోదా నిలబడాలంటే పెళ్ళిళ్ళు జన్యువులు చూసి చెయ్యాలి. నిజం కనిపెట్టే అమ్మాయికీ, వస్తువుల్ని మనసుతో కదిలించే అబ్బాయికీ పుట్టే పిల్లలు ప్రైమ్‌లు అవుతారన్న హామీ లేదు. నెవాడా భయపడేది ఇక్కడే, ఇప్పుడు నన్ను కావాలనుకున్న మనిషి రేపు శక్తిలేని బిడ్డని చూసి బాధపడితే? గోత్రం, కులం, ఆస్తి, జాతకం అన్నీ సరిపోతేనే సంబంధం అనే ఇళ్ళలో పెరిగిన నాకు ఆ పేజీల దగ్గర కళ్ళు తిరిగినంత పనైంది. విలన్ కంటే ఆ పద్ధతే భయంకరంగా అనిపించింది.

నిశిరాత్రి_నవలలు:
నేను మొత్తం సిరీస్ చదివాను, రోగన్‌ని ఇప్పటికీ క్షమించలేదు. యుద్ధంలో దెబ్బతిన్నాడు, నిజమే, దాని కోసం ఒక అమాయకురాలిని ఎందుకు కట్టెయ్యాలి? గోదారిగట్టు గారు చెప్పినంత తేలిగ్గా నాకు మింగుడుపడలేదు. వెన్నెల గారికి అక్కడ ఇబ్బంది కలగడం న్యాయమే, దాన్ని పోగొట్టుకోవాల్సిన అవసరమూ లేదు.

అయినా మానెయ్యొద్దనే చెబుతాను, కారణం కాటలీనా. నెవాడా చెల్లెలు, తర్వాతి పుస్తకాలు ఆమెవే. ఆమె మాయ చేస్తే ఎదుటివాళ్ళు ఆమెని పిచ్చిగా ప్రేమించేస్తారు, మోతాదు మించితే ఆమెలో ఒక ముక్కైనా దక్కాలని మీదపడతారు. అందుకని మనుషులకి దూరంగా, బిక్కుబిక్కుమంటూ పెరుగుతుంది. ఎవరైనా ఇష్టపడుతున్నా అంటే అది నిజమో, తన మాయ ప్రభావమో ఎలా నమ్ముతుంది? ఇతరుల మాయని ఆపగలిగే అలెస్సాండ్రోతో ఆమె కథ అందుకే అంత బాగా కుదిరింది. అక్కలోని ధైర్యం ఆమెకి పుట్టుకతో రాలేదు, ఇంటి బాధ్యత నెత్తిన పడ్డాక ఒక్కో పుస్తకంలో కొంచెం కొంచెంగా తెచ్చుకుంటుంది.

వెన్నెల_చదువరి:
అందరికీ థాంక్సండీ. రోగన్ సంగతి తర్వాత, కార్నీలియస్ గురించీ కాటలీనా గురించీ విన్నాక ఆగడం నావల్ల కాదు. ఒక్క సందేహం, నేరుగా కాటలీనా పుస్తకాలకి వెళ్ళిపోవచ్చా?

గోదారిగట్టు:
వద్దు. నెవాడా నాన్నవైపు రహస్యం ఒకటుంది, అది మూడో పుస్తకం 'వైల్డ్‌ఫైర్'లో తెలిస్తేనే బేలర్లు అంత కత్తిమీద సాము ఎందుకు చేస్తున్నారో అర్థమవుతుంది. మొదటిది 2014లో వచ్చింది, 'వైట్ హాట్' కోసం మేం 2017 దాకా ఎదురుచూశాం, అదృష్టవశాత్తూ 'వైల్డ్‌ఫైర్' కూడా అదే ఏడాది వచ్చేసింది. ఆ రెండూ దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. తర్వాత అక్క పెళ్ళి హడావుడంతా కాటలీనా చెప్పే చిన్న పుస్తకం 'డైమండ్ ఫైర్', అక్కణ్నించి 'సఫైర్ ఫ్లేమ్స్', 'ఎమరాల్డ్ బ్లేజ్', 'రూబీ ఫీవర్'. వెనకా ముందూ చెయ్యకండి. కార్నీలియస్ దగ్గరికి చేరాక ఇక్కడే రాయండి, మీకెలా అనిపించిందో వినాలనుంది.