డిసెంబర్ 31 రాత్రి: చర్చికా, కేక్ కటింగ్‌కా?

ప్రశ్న: మాది గుంటూరు. చర్చిలో రాత్రి పదికి మొదలైన కూడిక పన్నెండు దాటాక గానీ అవ్వదు. ఆరేళ్ల బాబు మనసంతా అపార్ట్‌మెంట్ డీజే మీదే. లాక్కెళ్లడం ఇష్టం లేదు, ఆ ఘడియ ప్రార్థనలో లేకుండా ఉండలేను. మీరేం చేస్తారు?

జవాబు: అక్కా, సాయంత్రం పడుకోబెట్టండి. చాప, దుప్పటి తీసుకెళ్లి వెనకాల పరవండి. పదకొండున్నరకి లేపితే అందరూ మోకాళ్లూనే టైంకి మెలకువగా ఉంటాడు. కొత్త ఏడాదికి బైబిల్ వచనం రాసిచ్చే వాగ్దానం కార్డు వాడి చేతే తీయించండి. మా పాప తనది బీరువా తలుపుకి అంటించుకుంది.

జవాబు: కార్డు మంచిదే, చిలకజోస్యంలా మాత్రం చూడనివ్వకండి. ఆ వచనమున్న అధ్యాయమంతా ఇంట్లో చదవండి. ఇంగ్లండ్ బోధకుడు జాన్ వెస్లీ 1740ల్లో తన మెథడిస్టు క్రైస్తవుల్లో నెలకొల్పిన ఇలాంటి జాగరణ ప్రార్థనల్లో అసలు పని ఆత్మపరీక్షే.

ప్రశ్న అడిగినవారు: వందనాలండీ. కేక్ 1న ఆరాధనయ్యాక ఇంట్లో కోసి, వాచ్‌మన్ పిల్లలకీ పెడతాం.