స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో ఛాసిస్ నంబర్ లేకపోతే ఏమీ ఇవ్వరా?

బానెట్:
ముందు చక్రాలకి బ్రేక్ ప్యాడ్‌లు కావాలని వెళ్లి మోడల్, ఏ సంవత్సరం బండో, పెట్రోలో డీజిలో అన్నీ చెప్పినా, ఛాసిస్ నంబర్ ఉంటేనే ఇస్తానన్నాడు. ఒకప్పుడు పాత పార్ట్ బల్ల మీద పెడితే కౌంటర్ వెనకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కేటలాగ్ కూడా తెరవకుండా లోపలికెళ్లి సరిగ్గా అదే తెచ్చేవాడు. ఇప్పుడందరూ స్క్రీన్ వంకే చూస్తున్నారు. వీళ్లకి పని రాకనా, లేక కార్లే అంత మారాయా?

రెంచి12:
కార్లే మారాయండి, అతని తప్పేం లేదు. ఒకే మోడల్, ఒకే సంవత్సరం బళ్లలోనే రెండు రకాల కాలిపర్లు (ప్యాడ్‌లని డిస్క్‌కి నొక్కే భాగాలు) ఉండొచ్చు, అప్పుడు ప్యాడ్ ఆకారం వేరు, ఒకదానికి అరుగుదల చెప్పే సెన్సర్ వైరు ఉంటే ఇంకోదానికి ఉండదు. ఏడాది మధ్యలో కూడా పార్ట్ మార్చేస్తారు. అందుకే అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే ఆ ఛాసిస్ నంబర్ అడుగుతారు. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు, 1తోనూ 0తోనూ పొరబడతారని. ఫోన్‌లో చదివి చెప్పేకంటే ఫోటో తీసి చూపిస్తే గొడవే లేదు.

గ్రీజుచేతులు:
సగమే ఒప్పుకుంటా. నేను కౌంటర్ వెనక ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. ఇంజిన్‌లో స్పార్క్ కోసం పాయింట్లు, కండెన్సర్ ఉన్న రోజుల్లో ఒకే సెట్టు ఎన్నో బళ్లకి సరిపోయేది, స్టార్టర్ మోటారు పాడైతే దాని లోపలి కార్బన్ బ్రష్‌లు మాత్రమే కొనుక్కెళ్లేవాళ్లు. ఇప్పుడు చాలా బళ్లకి మొత్తం స్టార్టరే మార్చేస్తున్నారు, వీల్ బేరింగ్ హబ్‌తో (చక్రం బిగించే భాగంతో) కలిసే వస్తోంది.

కానీ నంబర్ సరిపోయినంత మాత్రాన పని అయిపోదు. విడిగా దొరికే కొన్ని బేరింగ్‌లకి ఒక పక్క సీల్‌లోనే అయస్కాంతపు రింగు ఉంటుంది, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ చక్రం వేగాన్ని చదివేది దాన్నిబట్టే. కంటికి రెండు పక్కలా ఒకేలా కనిపిస్తుంది. తిరగేసి ప్రెస్ చేశారంటే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ ఊడదీస్తే ఆ బేరింగ్ ఇక పనికిరాదు. ఈ ముక్క కౌంటర్ దగ్గర మనిషే చెప్పాలి. అలా చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారనేదే నా బాధ.

బానెట్:
మరి నంబర్ తెలిశాక ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే నష్టమేంటి?

రెంచి12:
ప్యాడ్‌లకి పర్లేదు, అమ్మేవాళ్లు నమ్మకమైనవాళ్లయితే. పాత పార్ట్ మీది నంబర్ ఆగిపోయి దాని బదులు కొత్త నంబర్ వచ్చి ఉండొచ్చు, అది కంపెనీ కేటలాగ్‌లో సరిచూసుకోండి. ఆయిల్ ఫిల్టర్‌ని మాత్రం మర కలిసిందని కొనకండి. మర ఒకటే అయినా బైపాస్ వాల్వ్ (ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ని పక్కనుంచి పోనిచ్చేది) తెరుచుకునే ప్రెషర్ వేరే ఉండొచ్చు, బిగించేటప్పుడు ఆ తేడా తెలియదు.

గ్రీజుచేతులు:
ఎక్కడ కొన్నా కొత్తది బిగించేముందు పాతదాని పక్కన పెట్టి చూడండి. సెన్సర్లు, ఎలక్ట్రికల్ సామాను ఒకసారి బిగిస్తే చాలామంది వెనక్కి తీసుకోరు, కొనేముందే అడగండి.